సిలబస్‌లో లేని ప్రపంచం

మన విద్యావ్యవస్థను ఇతర దేశాల వాటితో పోల్చి ఒక సమగ్ర నివేదిక రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. పోల్చడం మనకు కొత్తేం కాదు. పక్కింటి పిల్లాడితోనో పిన్నిగారి అమ్మాయితోనో పోల్చబడుతూనే మనమంతా పెరిగాం. అంత అనుభవం ఉన్నవాళ్ళకి దేశాల్ని పోల్చడం ఓ లెక్కా? పైగా ఈ పరిశోధనకి నాకో విదేశీ ప్రతినిధి కూడా ఉన్నాడు. మా బావ. ఫిన్లాండ్‌లో హెల్సింకి పక్కనే ఉన్న ఎస్పూలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అక్కడి చదువుల మీద ఆయనకున్నన్ని ఫిర్యాదులు ఫిన్లాండ్ ప్రతిపక్షానికి కూడా ఉండవు.

ముందు అసలు విషయం. దేశాలన్నిటికీ కలిపి ఒక పరీక్ష ఉంది. పేరు పీసా. పారిస్‌లో ఆఫీసున్న ఓఈసీడీ అనే సంస్థ కొన్నేళ్ళకోసారి పదిహేనేళ్ళ పిల్లలకి పెడుతుంది. లెక్కలు, సైన్సు, చదివింది అర్థం చేసుకోవడం, అంతే. మన దేశం దీన్ని 2009 విడతలో రాసింది. దేశమంతా కాదు, తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ మాత్రమే. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజున బాగా చదివే ఇద్దర్ని ముందు బెంచీలో కూర్చోబెడతారే, అలాగన్నమాట. ఫలితాలొచ్చాయి. డెబ్బైకి పైగా దేశాలూ ప్రాంతాలూ రాస్తే మనవాళ్ళిద్దరూ కిర్గిజ్‌స్తాన్‌తో కలిసి చివరి బెంచీలో తేలారు.

అప్పుడు మన ప్రభుత్వం ఏమన్నదో ఈ దేశంలో పరీక్ష రాసిన ప్రతివాడికీ ఇట్టే అర్థమవుతుంది. ప్రశ్నలు మన సామాజిక, సాంస్కృతిక సందర్భానికి తగినట్టు లేవన్నది. తెలుగులో చెప్పాలంటే, అవుట్ ఆఫ్ సిలబస్.

ఆ తర్వాత 2012లో రాయలేదు. 2015లో రాయలేదు. 2018లోనూ రాయలేదు. 2019లో మాత్రం, సరే, 2021లో రాస్తాం అని సంతకం పెట్టొచ్చారు. చండీగఢ్ బడులు, కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలు రాస్తాయన్నారు. ఆలోచించి రాయాల్సిన ప్రశ్నలకి ప్రాక్టీసు పేపర్లు కూడా పంచారు. ఆలోచించడానికి ప్రాక్టీసు పేపరేమిటి అని అడక్కండి, గైడు లేకుండా మనం దేన్నీ ముట్టుకోం. ఇంతలో కరోనా వచ్చింది, పరీక్ష 2022కి వాయిదా పడింది, చివరికి ఆ ఏడు కూడా మనవాళ్ళు హాలు దగ్గరికి రాలేదు.

అంటే ఏమిటి? ఎల్‌కేజీలో చేరడానికి కూడా పిల్లాడికి ఇంటర్వ్యూ పెట్టే దేశం, పదో తరగతి పరీక్షకి ఇంటిల్లిపాదీ టీవీ కట్టేసే దేశం, తను మాత్రం ఒక్కసారి తప్పి, ఇక ఆ పరీక్షే వద్దని ఇంట్లో కూర్చుంది. నా కూతురు రేపు ఇదే పని చేస్తే నేనేమంటానా అని ఆలోచిస్తున్నాను.

ఇక ఫిన్లాండ్. అక్కడ ఒకటో తరగతిలో చేరేది ఏడో ఏట. అదే మన పిల్లాడైతే ఏడేళ్ళు వచ్చేసరికి నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ, ఒకటో తరగతి కలిపి నాలుగేళ్ళ సర్వీసు పూర్తి చేసి ఉంటాడు. నడుమునొప్పి ఒక్కటే తక్కువ. అక్కడ ముప్పావుగంట పాఠం చెబితే పావుగంట బయట ఆడుకోమని వదిలేస్తారట. మంచు పడుతున్నా సరే. పన్నెండేళ్ళ చదువు ముగిశాక ఒక పెద్ద పరీక్ష తప్ప ఈలోగా దేశమంతటికీ కలిపి పెట్టే పరీక్షలే లేవు. బావ దీన్ని రెండేళ్ళు ఓపిగ్గా భరించాడు. మా మేనల్లుడు రెండో తరగతిలో ఉండగా ఆగలేక టీచరు దగ్గరికి వెళ్ళాడు.

"క్లాసులో మావాడి పొజిషన్ ఎంత?" అని అడిగాడట.

ఆవిడ కాస్త ఆలోచించి, "మంచి చోటే. కిటికీ పక్కన" అందట.

ఆ రాత్రి బావ నాకు ఫోన్ చేశాడు. గొంతు పూడుకుపోయి ఉంది. "ఏమోయ్, ఇక్కడ వీడి భవిష్యత్తు ఏమైపోతుందో అని భయంగా ఉంది. వీడు క్లాసులో ఎన్నోవాడో నాకు తెలియదు, వాడికీ తెలియదు, చివరికి ఆ టీచరుకి కూడా తెలియదు!" అన్నాడు. మర్నాటి నుంచి గుంటూరులో ఉన్న ఒక మాస్టారితో ఆన్‌లైన్ ట్యూషన్ పెట్టించాడు. ఇక్కడ రాత్రి ఏడు గంటలైతే అక్కడ చలికాలం మధ్యాహ్నం మూడున్నర, అప్పటికే చీకటి పడుతుంటుంది. ఉత్తర ధ్రువానికి అంత దగ్గర్లో కూర్చుని ఎక్కాలు వల్లెవేస్తున్న బాలుడు బహుశా వాడొక్కడే అయి ఉంటాడు.

కొరియా గురించి మాత్రం బావకి ఎనలేని గౌరవం. దక్షిణ కొరియాలో ఏటా నవంబరులో కాలేజీ ప్రవేశ పరీక్ష ఉంటుంది. సునుంగ్ అంటారు. ఆ రోజు స్టాక్ మార్కెట్ గంట ఆలస్యంగా తెరుస్తారు. ఇంగ్లీషు విని రాసే భాగం జరిగే అరగంట సేపూ దేశమంతా విమానాలు దిగవు, ఎగరవు, చప్పుడు పిల్లల చెవిన పడకూడదని. ఎవరైనా ఆలస్యమైతే పోలీసులే బండి మీద ఎక్కించుకుని సెంటరుకి చేరుస్తారు.

మనకూ ఈ విషయంలో ఒక విధానం ఉంది. దాని పేరు నిమిషం నిబంధన. తెలంగాణ ఇంటర్ పరీక్షలకి ఒక్క నిమిషం ఆలస్యమైతే గేటు మూసేవారు. ఎన్నో మార్చి నెలల్లో టీవీల్లో అదే దృశ్యం చూశాం. ఇవతల హాల్‌టికెట్టు పట్టుకుని ఏడుస్తున్న అమ్మాయి, ఆటో దొరకలేదని చెబుతున్న తండ్రి, అవతల గేటుకి తాళం. ఆ తాళం దగ్గర కూడా పోలీసే ఉంటాడు. కొరియాలో పోలీసు లోపలికి తెస్తాడు, ఇక్కడ బయట ఆపుతాడు. 2024లో ఐదు నిమిషాల గ్రేస్ ఇచ్చారు. సంస్కరణలు నెమ్మదిగానే వస్తాయి మరి. బస్సు ఎందుకు రాలేదన్న ప్రశ్న మాత్రం ఏ పేపర్లోనూ రాలేదు.

చైనావాళ్ళు ఇంకో రకం. 2021లో, స్కూలు సబ్జెక్టులకి లాభం కోసం ట్యూషన్లు చెప్పకూడదని ఆర్డరేశారు. పెద్ద పెద్ద కంపెనీలు కుదేలయ్యాయి. మన కేంద్రం కూడా 2024 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది, పదహారేళ్ళ లోపు పిల్లల్ని కోచింగ్ సెంటర్లలో చేర్చుకోకూడదని. తెలుగువాళ్ళని ఇది ఏ మాత్రం కంగారు పెట్టలేదు. మన దగ్గర కోచింగ్ సెంటరనేదే లేదు కదా! బడే కోచింగ్. బోర్డు మీద స్కూలని ఉంటుంది, లోపల ఆరో తరగతి నుంచి ఐఐటీ ఫౌండేషన్ నడుస్తుంది. నాకు నెలకోసారి ఒకమ్మాయి ఫోన్ చేస్తుంది. "సార్, పాప ఆరో తరగతికి వచ్చింది కదా, ఇప్పటికే లేటయింది సార్" అంటుంది. లేటయింది అన్నప్పుడు ఆమె గొంతులో వినిపించే బాధ నిజంగా మా ఇంట్లో మనిషి బాధలాగే ఉంటుంది. ఓసారి నిజంగానే భయపడి, ఇప్పుడేం చేయాలమ్మా అని అడిగేశాను. నలభై వేలు కట్టమంది.

జపాన్‌లో పిల్లలే తమ తరగతి గది తుడుచుకుంటారు. ఇది వినగానే మనలో చాలామంది పొంగిపోయి, మన బడుల్లో కూడా పెట్టాలి అంటారు. మన బడుల్లో ఎప్పటి నుంచో ఉందండీ. చీపురు ఎవరి పిల్లల చేతికి ఇస్తారన్నదే తేడా. ఆ సంగతి ఇక్కడితో వదిలేస్తాను.

మధ్యాహ్న భోజనం దగ్గర మాత్రం నా వెటకారం పారలేదు. 2001లో సుప్రీంకోర్టు వండి పెట్టమని ఆదేశించాక దేశమంతా కోట్లమంది పిల్లలకి బడిలో అన్నం పెడుతున్నాం. ఫిన్లాండ్ 1948 నుంచి పెడుతోంది కానీ, ఆ దేశం మొత్తం జనాభా మన హైదరాబాదు జనాభా అంత కూడా ఉండదు. కోడిగుడ్డు సైజు మీద నాకు కొన్ని అభిప్రాయాలున్నాయి, అవి వేరే వ్యాసంలో.

ఇప్పుడు మనం ప్రపంచాన్ని తలదన్నిన రంగానికి వద్దాం. టీచరుకి ఎందరు పిల్లలు అనే లెక్క. ఎస్పూలో మావాడి తరగతిలో ఇరవై మంది దాకా ఉంటారట. బావ అది గొప్పగా చెబుతుంటే నవ్వొచ్చింది. మన కేంద్ర విద్యాశాఖ లెక్కల ప్రకారం 2024-25లో దేశంలో ఒక్క విద్యార్థి కూడా లేని బడులు దాదాపు 8 వేలు. వాటిలో 20 వేల మందికి పైగా టీచర్లు పనిచేస్తున్నారు. ఇందులో తెలంగాణకి రెండో స్థానం, పశ్చిమ బెంగాల్ కొట్టుకెళ్ళింది కానీ లేకపోతే మొదటిదే. తరగతికి పదిహేను మంది చాలు, పదిమంది చాలు అని ప్రపంచ మేధావులు తగ్గించుకుంటూ వస్తుంటే మనం నేరుగా సున్నాకి వెళ్ళిపోయాం. సున్నా కనిపెట్టింది మనమే కదా. అదే లెక్కల్లో ఇంకో పేజీ తిప్పితే, ఒకే ఒక్క టీచరున్న బడులు లక్షకు పైగా. ఐదు తరగతులకీ ఆయనే, అటెండరూ ఆయనే, ఎన్నికల డ్యూటీ కూడా ఆయనకే. ఈ రెండు పేజీలనీ కలిపి కుట్టినవాళ్ళకి ఏమీ అనిపించలేదంటే, వాళ్ళు కూడా మన బడుల్లోనే చదువుకుని ఉంటారు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, క్లుప్తంగా. దేశం సంపాదనలో ఆరు శాతం చదువు మీద పెట్టాలని 1966లో కొఠారీ కమిషన్ చెప్పింది. 1968 విధానంలో ఆరు శాతం పెడతామని రాశారు. 1986లో మళ్ళీ రాశారు. 2020లో మళ్ళీ. ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆరుకి చేరలేదు. చేయని హోంవర్కుని యాభై ఏళ్ళు ఒకే దస్తూరీతో కాపీ కొట్టడం ఏ ఫిన్లాండ్ పిల్లాడి వల్లా కాదు. వాడికసలు హోంవర్కే సరిగా ఇవ్వరు పాపం.

జర్మనీలో వృత్తి విద్య పిల్లలు వారంలో కొన్ని రోజులు బడికీ మిగతా రోజులు పనికీ వెళతారు. పని నేర్చుకుంటుండగానే జీతం ఇస్తారు. మనకి ఇది మింగుడుపడదు. చదువుకునేవాడికి ఎదురు డబ్బులిస్తే మరి బిల్డింగ్ ఫండ్ ఎవడు కడతాడు? అయినా జర్మనీని మనం చిన్నచూపు చూడలేదు. ఇప్పుడక్కడ విదేశీ విద్యార్థుల్లో మనవాళ్ళే మొదటి స్థానం. అమెరికాలోనూ అంతే, 2023-24లో 3.31 లక్షల మందితో చైనాని దాటేశాం. కాబట్టి మన విద్యావ్యవస్థని ఇతర దేశాలతో పోల్చడమే ఒక రకంగా పొరపాటు. ఇతర దేశాలు మన విద్యావ్యవస్థలోని ఒక డిపార్ట్‌మెంటు. ఎల్‌కేజీ నుంచి బీటెక్ దాకా ఇక్కడ, అసలు చదువు అక్కడ. మధ్యలో వీసా ఆఫీసు దగ్గర క్యూ.

రాజస్థాన్‌లో కోచింగ్ సెంటర్లకి పేరుపడ్డ కోటా ఊరి గురించి రాయకుండా దాటేద్దామనుకున్నాను. 2023 ఆగస్టులో అక్కడి జిల్లా యంత్రాంగం హాస్టల్ గదుల్లో ఫ్యాన్లకి స్ప్రింగులు బిగించమని ఆదేశించింది. ఎందుకో అందరికీ తెలుసు. సిలబస్ మార్చాలంటే కమిటీ వేయాలి, సీట్లు పెంచాలంటే బడ్జెట్ కావాలి, తల్లిదండ్రుల్ని మార్చాలంటే దేవుడు దిగిరావాలి. ఫ్యాన్‌కైతే ఎలక్ట్రీషియన్ చాలు.

ఈలోగా 2023 డిసెంబరులో పీసా కొత్త ఫలితాలొచ్చాయి. సింగపూర్ మొదట. ఫిన్లాండ్‌కి లెక్కల్లో 2003లో 544 ఉండేది, 484కి పడిపోయింది. బావ అర్ధరాత్రి ఫోన్ చేశాడు. "చూశావా! నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను, కిటికీ పక్కన కూర్చోబెడితే ఇలాగే అవుతుందని." మరి మనకెంత వచ్చింది బావా అన్నాను. "మనం రాయలేదుగా" అన్నాడు, రాసి ఉంటే ఫస్టే అన్నంత ధీమాగా.

మొన్న జూన్‌లో వాళ్ళు తెనాలి వచ్చారు. అక్కడ బడులకి సెలవులిచ్చేసరికి ఇక్కడ తెరుస్తారు. కాబట్టి మావాడితో ఆడుకోవడానికి వీధిలో పిల్లలెవరూ లేరు, పెద్దవాళ్ళే దొరికారు. వాడి భుజాన ఒక గుడ్డసంచి ఉంది. నీలం గుడ్డ, కుట్లు కాస్త వంకర, ఓ మూల నక్క బొమ్మ. "నేనే కుట్టాను మామయ్యా, బళ్ళో" అన్నాడు. అక్కడ మగపిల్లలకీ ఆడపిల్లలకీ కుట్టుపని, చెక్కపని పాఠాలే. మా నాన్న సంచిని అటూ ఇటూ తిప్పి చూశారు. అల్లుడు పక్కనే ఉన్నాడని గొంతు తగ్గించి నాతో అన్నారు, "అంత దూరం వెళ్ళి టైలరింగ్ నేర్పిస్తున్నార్రా?"

సాయంత్రం వీధి అరుగు మీద అందరూ చేరారు. ఎదురింటాయన మామూలుగా అడగాల్సిందే అడిగారు. "ఏం బాబూ, క్లాసులో ఎన్నో ర్యాంకు?"

"తెలియదండీ" అన్నాడు వాడు.

ఒక్క క్షణం అరుగంతా నిశ్శబ్దం అయిపోయింది. ఎదురింటాయన చూపు తిప్పేసుకున్నారు. బావ సెల్‌ఫోన్లో ఏదో వెతుకుతున్నట్టు తలొంచుకున్నాడు. మా అమ్మే తేరుకుని వాణ్ణి దగ్గరికి లాక్కుని తల నిమిరింది.

"పోనీలే నాన్నా, వచ్చే ఏడాది వస్తుందిలే."