నేను పెట్టిన గేటు నాకే పడింది

పొద్దున జరిగింది, ఇంకా చెవులు వేడిగానే ఉండాయి.

మా టీములో జావాస్క్రిప్ట్ కోడ్‌ను నడిపే నోడ్ అనే సాఫ్ట్‌వేర్ ఒకరిది వర్షన్ 18, ఒకరిది 20, ఇంకొకాయనకు తన దాంట్లో ఏముందో ఆయనకే తెల్దు. బెంగళూరులో ఏసీలో కూర్చున్న లీడ్ "వర్షన్ ప్రాజెక్టులోనే రాసి పెట్టప్పా, ఐదు నిమిషాల పని" అన్నాడు. ఆయనకన్నీ ఐదు నిమిషాల పనులే, చేసేది ఆయన కాదు కదా. ప్రాజెక్టు వివరాలుండే ప్యాకేజ్ డాట్ జేసన్ ఫైల్లో ఇంజిన్స్ కింద నోడ్ 22, ఆపైన అని రాసినా. ఉత్త అదొక్కటే రాస్తే, ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే ఎన్‌పీఎం ఒక వార్నింగు పడేసి తన పని తాను చేసుకుంటూ పోతాది, పెళ్లి పత్రికలో ముహూర్తం 9 గంటల 12 నిమిషాలకు అని వేసినట్టు, ఆ టైముకు ఎవురొస్తారు? అందుకే దాని సెట్టింగుల ఫైలు డాట్ ఎన్‌పీఎంఆర్‌సీలో ఇంజిన్ స్ట్రిక్ట్ ట్రూ అని కూడా పెట్టినా. ఇంక రైల్వే గేటే, వర్షన్ తక్కువుంటే ఇన్‌స్టాలే కాదు.

పొద్దున కాల్‌లో కొత్తగా చేరిన పిల్లోడు "అన్నా, ఇన్‌స్టాల్ కావట్లేదు" అన్నాడు. నేను ఊరుకోవచ్చు కదా. "ఎర్రర్ చదవడం నేర్చుకోవాలప్పా, నా స్క్రీన్ చూడు" అని పదకొండు మంది ముందర షేర్ చేసినా.

ఎర్రగా వచ్చింది. రిక్వైర్డ్ అని ఒక లైను, దాని కింద యాక్చువల్ అని ఇంకో లైను. పైన 22, కింద 18. ఇంత సూటిగా మా నాయన కూడా నన్నెప్పుడూ తిట్టలే. నేను మాత్రం "నెట్ స్లో" అన్నా. మళ్లీ కొట్టినా, మళ్లీ అదే. క్యాష్ క్లియర్ చేసినా, నోడ్ మాడ్యూల్స్ ఫోల్డరు ఎత్తి పారేసినా, అంతమందీ చూస్తాంటే. అప్పుడే మాయమ్మ ఉగ్గాని, మిరపకాయ బజ్జీ ప్లేటు పట్టుకోనొచ్చి, మైకు ఆన్‌లో ఉందని ఆమెకేం తెలుసు, "ఏంరా అంత ఎర్రగా వస్తాంది, ఎవురు చెడగొట్టినారు?" అనె. కాల్‌లో ఒక్కరు నోరు తెరవలే. ఆ పిల్లోడే మెల్లగా, "అన్నా, మీది 18 ఉందన్నా."

రాత్రి అనంతపురంలో కరెంటు పోయింది, నా ముసలి లాప్‌టాప్ దాంతో పాటే ఆరిపోయింది. నోడ్ వర్షన్లు మార్చే టూలు ఎన్‌వీఎం. దాంట్లో నేను ఎన్‌వీఎం యూజ్ 22 అని కొట్టింది ఆ పాత టెర్మినల్‌కు మాత్రమే, కొత్తది తెరిస్తే డిఫాల్ట్ 18 కే పోతాది. డాట్ ఎన్‌వీఎంఆర్‌సీ అనే ఫైల్లో వర్షన్ నంబరు రాసి పెట్టి, దాన్ని చూసి మారేట్టు షెల్‌లో నాలుగు లైన్లు ఏసింటే అయిపోయేది. ఏయలే.

లీడ్ ఏమీ అనలే. "పర్లేదు, రీడ్‌మీలో స్టెప్స్ కూడా నువ్వే రాసెయ్, ఐదు నిమిషాల పని" అన్నాడు.

బజ్జీలు మెత్తగయిపోయినాయి.