నా పేరు మీకు చెప్పకూడదట

మా వీధి మురుగు కాలువలో పూడిక ఎవరు తీశారో, అందుకు పురపాలక సంఘం ఎంత బిల్లు చెల్లించిందో తెలుసుకోవాలని మా పక్కింటి రిటైర్డ్ హెడ్మాస్టరు గారు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాసి, పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి ఇచ్చి వచ్చారు. సమాచారం ఎందుకు కావాలో చెప్పనక్కరలేదని 2005 నాటి ఆ చట్టంలోని 6(2) సెక్షన్ అంటున్నా, ఆయన అలవాటు కొద్దీ తన ఇంటి నంబరు, సెల్ నంబరు, కిందటి వానాకాలంలో తమ వరండాలోకి ఎంత నీరు వచ్చిందీ, అందులో ఏమేమి కొట్టుకొచ్చిందీ సవివరంగా వర్ణించారు.

ముప్పై రోజుల గడువు ముగియడానికి ఒక్క రోజు ముందు జవాబు వచ్చింది. జతచేసిన ఎం-బుక్కు (పని కొలతలు రాసే పుస్తకం) నకలులో కాంట్రాక్టరు పేరు, కొలతలు, బిల్లు మొత్తం, ఎందుకనో కాలువ పేరు కూడా నల్ల స్కెచ్ పెన్నుతో కొట్టేయగా, "పని సంతృప్తికరముగా పూర్తయినది" అన్న ఒక్క వాక్యం మాత్రం తేటగా మిగిలింది. ఇదంతా 8(1)(జె) ప్రకారం వ్యక్తిగత సమాచారమట. విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వవచ్చన్న మాట ఒకప్పుడు ఆ క్లాజులోనే ఉండేది; 2023 నాటి డేటా పరిరక్షణ చట్టం దాన్ని అక్కడి నుంచి తీసేసింది, ఆ సవరణ 2025 నవంబరులో అమలులోకి వచ్చింది. అదే మాట 8(2)లో ఇంకా పదిలంగానే ఉంది గాని, అంత దూరం చదివే తీరిక ఆఫీసుల్లో ఎవరికుంటుంది?

ఆ సాయంత్రమే మాస్టారికి ఫోను వచ్చింది.

"నమస్తే మాస్టారూ! నా పేరు మీకు చెప్పకూడదట గాని, ఆ కాలువ పని చేసింది నేనేనండి. మీ వరండా సంగతి చదివి చాలా బాధపడ్డాను."

మూడో పక్షానికి నోటీసు ఇవ్వాలన్న 11వ సెక్షన్‌ను తు.చ. తప్పకుండా పాటించిన ఆఫీసువారు, మాస్టారి దరఖాస్తును ఒక్క అక్షరమైనా కొట్టేయకుండా కాంట్రాక్టరుకు పంపించారు.

"బిల్లు ఎంతయిందోయ్?" అని అడిగారు మాస్టారు.

"అది మాత్రం వ్యక్తిగతమండి."

మాస్టారు మొదటి అప్పీలు వేశారు. ప్రజాధనం ఖర్చు వ్యక్తిగతం కాదని, సమాచారం మొత్తం ఇవ్వాలని పై అధికారి ఉత్తర్వు ఇచ్చారు. దాచవలసినంత మేరకే దాచి మిగిలినది ఇమ్మనే 10వ సెక్షన్ ఈసారీ ఎవరికీ గుర్తు రాలేదు. "మొత్తం" అన్నారు కాబట్టి కాంట్రాక్టరు పాన్ నంబరు, బ్యాంకు ఖాతా, కూలీల ఆధార్ నకళ్లు సహా లావుపాటి కట్ట ఇంటికి చేరింది. మాస్టారు ఎర్ర పెన్ను తీసి, ముందుగా ఆధార్ అంకెలన్నీ తానే కొట్టేసి, తర్వాత కొలతల పేజీ మీద పడ్డారు. మా వీధి పొడవుకు దాదాపు రెట్టింపు కాలువలో పూడిక తీసినట్టు అక్కడ రాసి ఉంది. ఆ వరుస పక్కన పెద్ద సున్నా చుట్టి, సంతకం చేసి, విజిలెన్సు వారికి పంపారు.

తన ఖాతా నంబరు బయటికి ఎవరిచ్చారో తెలపాలంటూ ఇప్పుడు కాంట్రాక్టరు కూడా పది రూపాయల స్టాంపుతో దరఖాస్తు పెట్టుకున్నాడు. ఇచ్చిన ఉద్యోగి పేరు వ్యక్తిగత సమాచారమని మొన్ననే జవాబు వచ్చింది. అప్పీలు ఎలా రాయాలో నేర్చుకోవడానికి ఆయన రోజూ సాయంత్రం మాస్టారి వరండాకు వస్తున్నాడు.