ఆ రెండు నెలలు ఆమెవి

మొన్న ఉగాది భోజనాల దగ్గర ఒకాయన వాపోయారు. ఇండియా నుంచి దత్తత తెచ్చుకుందామని కారాలో (దత్తతలు చూసే భారత ప్రభుత్వ సంస్థ) పేరు నమోదు చేసుకుని ఏళ్లు గడుస్తున్నాయట. "తల్లి సంతకం పెట్టాక కూడా ఇంకో రెండు నెలలు ఆపడం దేనికండీ? వద్దనుకునే కదా ఇచ్చింది!" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లం తలూపాం. నేనూ ఊపాను. ఇంటికొచ్చాక ఆ మాట మింగుడుపడలేదు.

2015 బాలల న్యాయ చట్టం ప్రకారం బిడ్డను వదులుకునే తల్లి బాలల సంక్షేమ కమిటీ ముందు పత్రం రాసివ్వాలి. మనసు మారితే బిడ్డను తిరిగి తీసుకోవడానికి రెండు నెలల గడువుంటుంది. ఆ రెండు నెలలూ ఆమె పచ్చి బాలింత. మన ఇళ్లల్లో బాలింతంటే ఎంత హడావుడి! నూనె మర్దనా, వేణ్ణీళ్లూ, సాంబ్రాణి పొగా, కాయం ముద్దా, వెల్లుల్లి కారంతో పథ్యమూ. ఆమెకి ఇవేవీ ఉండవు. కాన్పు సంగతే పొక్కకూడదనుకుంటే చెవుల్లో దూది పెట్టుకోవడానికి కూడా వీల్లేదు. పాలు మాత్రం పడతాయి. రొమ్ములు గట్టిపడి జ్వరమొస్తే ఎవరితో చెప్పుకుంటుంది?

యశోద మీద మనకి బోలెడు పాటలున్నాయి. అర్ధరాత్రి బిడ్డను పంపేసిన దేవకికి మర్నాడు ఎలా తెల్లారిందో ఏ జోలపాటలోనూ వినలేదు నేను.

అసలు "వద్దనుకుని" ఇచ్చేవాళ్లెందరు? 1999లోనూ, మళ్లీ 2001లోనూ, తెలంగాణ తండాల్లో లంబాడా ఆడపిల్లల్ని దళారులు కొని దత్తత సంస్థలకు చేరవేస్తున్న సంగతి బయటపడింది. ఆ పిల్లల్లో విదేశాలకు వెళ్లినవాళ్లూ ఉన్నారు. దొరికిన పసికందుల్ని హైదరాబాద్‌లోని ప్రభుత్వ శిశుగృహం శిశువిహార్‌కు తరలించారు. పేదరికం వల్లనో, ఆడపిల్ల అనో బిడ్డను వదులుకోవడాన్ని 2001లో రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది. (నిషేధంతో కడుపు నిండదు, అది వేరే సంగతి.) బిడ్డను ఇచ్చేస్తున్నట్టు రాసిన కాగితాల్లో ఏముందో వేలిముద్ర వేసిన తల్లికి ఎవరైనా చదివి చెప్పారా?

అప్పటి పిల్లలకిప్పుడు పాతికేళ్లు దాటాయి. పద్దెనిమిది నిండినవాళ్లు తమ మూలాలు తెలుసుకోవాలంటే నిబంధనల్లో దారి ఉంది. ఆ నిబంధనల ప్రకారం మూడో వ్యక్తి వెతకడానికి మాత్రం వీల్లేదు. అందుకే దత్తత తీసుకున్నవాళ్లకి నేను చెప్పేదొకటే. చేతికొచ్చిన ప్రతి కాగితమూ దాచండి, ఆసుపత్రి చీటీ అయినా సరే. "మీ అమ్మ నిన్ను వద్దనుకుంది" అని కోపంలో కూడా అనకండి. ఆమె ఏమనుకుందో మనకి తెలియదు.

శ్రీరామనవమి కల్యాణానికి ఆయన మళ్లీ కలుస్తారు. ఆ రోజు తలూపినందుకు ముందు నేనే సంజాయిషీ చెప్పుకోవాలి.