టైర్లు 80 పర్సెంట్ ఉన్నాయంట!

పాత బండ్లు అమ్మేవాళ్లకు ఈ "80 పర్సెంట్" అనే మాట ఎవరు నేర్పారో కానీ, వాళ్లను కడప ఏడు రోడ్ల కూడలిలో నిలబెట్టి నలుగురి ముందు అడగాలనుంది. ఇందాకే మా మేనల్లుడు సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి తెచ్చి వాకిట్లో పెట్టాడు. "మామా, టైర్లు 80 పర్సెంట్ ఉన్నాయంట, చూడు" అని సంబరంగా చెప్పాడు. చూశాను. వెనక టైరుకు నల్ల పాలిష్ దట్టంగా పూశారు, ముట్టుకుంటే వేళ్లకు జిడ్డు. రోడ్డును పట్టుకోవాల్సిన చోట కూడా ఆ జిడ్డే! అంచుల్లో గీతలు లోతుగా, కొత్తవాటిలా ఉన్నాయి. ఎందుకుండవు? ఆ అంచులు రోడ్డును తాకితే కదా! నడుమ మాత్రం పీటలా చదునైపోయింది.

చదునైతే మార్చుకోవచ్చు, పోనీ అనుకోవచ్చు. ఆ చదును మీద ఉన్న గీతలు చూశాక నాకు ఒళ్లు మండిపోయింది. అవి కంపెనీ గీతలు కావు, వేడి బ్లేడుతో కోసినవి. ఒకటి లోతుగా ఉంది, పక్కది వంకరగా పోయింది, ఇంకోదాని అడుగున రబ్బరు లోపలి దారం తెల్లగా కనిపిస్తోంది. అసలు టైరులో గాడి అడుగున అక్కడక్కడ అడ్డంగా చిన్న రబ్బరు గట్టు ఉంటుంది. పైరబ్బరు అరిగి ఆ గట్టుతో సమానమైందంటే టైరు పని అయిపోయినట్టే. గట్టు ఎక్కడుందో తెలియడానికి టైరు పక్క గోడ మీద చిన్న త్రిభుజమో, టీడబ్ల్యూఐ అనే అక్షరాలో ఉంటాయి. ఈ మహానుభావులు ఆ గట్టును కూడా కోసి పారేశారు. టూవీలర్ టైరులో గాడి 0.8 మిల్లీమీటర్లకు తగ్గకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. ఆ లోతు లేదని బ్లేడుతో లోతు పుట్టించారు! ఉన్న కాస్త రబ్బరునూ చెక్కేసి, లోపలి దారం మీద మనిషిని ఎక్కిస్తున్నారు. దీన్ని నేను వ్యాపారం అనను, హత్యాయత్నం అంటాను.

నడుమే ఎందుకు అరుగుతుందని మేనల్లుడు అడిగాడు. నున్నటి హైవే మీద ఎప్పుడూ నిటారుగా పోతుంటే నడుమే కదా రోడ్డు మీద ఉండేది. దానికితోడు "ఇద్దరు ఎక్కుతారు, గట్టిగా కొట్టన్నా" అని లెక్కాపత్రం లేకుండా గాలి నింపుతారు. గాలి ఎక్కువైతే నడుమ, తక్కువైతే రెండు అంచులూ పోతాయి. ఎంత కొట్టాలో బండి మీద స్టిక్కర్ ఉంటుంది, దాన్ని చదివినవాణ్ని మా వీధిలో ఒక్కణ్ని చూపించండి. ముందు టైరు కథ వేరు. తడిమితే ఒకచోట ఎత్తు, ఒకచోట పల్లం. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులో పట్టు పోయినా, బేరింగులు లూజైనా అలా అరుగుతుంది. అది సరిచేయకుండా కొత్త టైరు వేస్తే ఆ కొత్తదీ అలాగే పోతుంది. పైగా ఈ ముందు టైరు పక్క గోడ మీద 3117 అని ఉంది, అంటే 2017లో 31వ వారం తయారీ. కడప ఎండల్లో ఇన్నేళ్లు నిలబడిన రబ్బరు ఎలా ఉంటుంది? గోరుతో నొక్కితే దిగడం లేదు, గీతల మొదళ్లలో సన్నగా పగుళ్లు. ఇదీ 80 పర్సెంటే!

మా మేనల్లుడికి ఉద్యోగం రాయచోటిలో. అంటే గువ్వలచెరువు ఘాట్ ఎక్కి దిగాలి. ఆ మలుపులు తెలిసినవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు. నడుమ చదునైన టైరుతో మలుపులో బండి వాల్చితే, చదును దాటి అంచు మీదికి వచ్చేటప్పుడు ఒక్కసారిగా పడిపోయినట్టు వాలుతుంది. ఎదురుగా లోడు లారీ వస్తుంటుంది. ఇక తుఫాను వానల్లో అయితే నీళ్లు బయటికి పోవడానికి దారి లేక టైరు జారుతుంది. రోడ్ల మీద ఆపినవాళ్లు హెల్మెట్ చూస్తారు, ఆర్సీ అడుగుతారు, ఇన్సూరెన్స్ అడుగుతారు. ఒక్కరైనా వంగి టైరు చూస్తారా?

ఈ బండిని దగ్గరుండి కొనిపించింది ఎవరనుకున్నారు? మా బావ. "టైర్లు బాగానే ఉన్నాయిలే, ఇంకో రెండేళ్లు తిరుగుతాయి" అన్నాడంట. ఈ రెండేళ్ల మాట నాకు కొత్త కాదు. అప్పట్లో ఆయన పాత బండి వెనక టైరు బోడిగుండు అయిపోయినా ఇదే మాట అన్నాడు. అప్సర సర్కిల్ దగ్గర సన్నటి తుంపరకు బ్రేకు వేస్తే బండి పక్కకు జారింది. వెనక ఒకవైపుగా కూర్చున్న మా అక్క కింద పడి మణికట్టు విరిగింది. ఆస్పత్రిలో అక్క కట్టుతో కూర్చుని ఉంటే, చూడ్డానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఈయన చెప్పిందేమిటి? "ఆమె సరిగా పట్టుకోలేదు" అని! టైరు మాట ఒక్కసారి కూడా రాలేదు. మా ఇళ్లలో ఆడవాళ్లు వెనక కూర్చుని పడితే తప్పు వాళ్లదే. చీర అడ్డమొచ్చింది, సంచి వదల్లేదు, సరిగా పట్టుకోలేదు. అరిగిన టైరుకు మాత్రం తప్పే ఉండదు. మా అక్క ఇప్పటికీ ఆ చేత్తో బిందె ఎత్తలేదు, రోట్లో పచ్చడి నూరలేదు. ఆయన ఇప్పటికీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు. బావా, నువ్వు ఈ పోస్ట్ చదువుతావని తెలిసే రాస్తున్నా. అక్కకు ఒక్క మాట చెప్పు, టైరు వల్లే పడ్డావని చెప్పు.

"కొన్న మర్నాడే టైర్లకు డబ్బులా" అని మా బావ ఇందాక ఫోన్లో గొణిగాడు. వెనక టైరు రెండు వేలు అటూ ఇటూ అవుతుంది, నేను పెడతాను. రేపు షాపు తెరవగానే రెండూ మార్పిస్తాను, ఫోర్కు కూడా చూపిస్తాను. పాత టైర్లు ఎక్స్చేంజ్‌కి మాత్రం ఇవ్వను. ఇస్తే వాటికి మళ్లీ పాలిష్ పూసి ఇంకొకరి పిల్లాడి బండికి తొడుగుతారు. షాపు ముందే కత్తితో రెండింటి పక్కలూ అడ్డంగా కోసి వస్తాను.