మహారాజశ్రీ ఈకో గారికి... గారికి... గారికి

విజయనగరం నుంచి మీ పాత నౌకరు వ్రాయునది. ఉభయకుశలోపరి. నాకు ఎడమ చెవి కాస్త మందగించింది తప్ప ఇక్కడంతా క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు. నిన్న అర్ధరాత్రి ఒంటిగంటకు కూడా పక్కవీధి పెళ్లిలో మీ కంఠం విన్నాను. రాత్రి పది దాటితే లౌడ్‌స్పీకర్లు కట్టెయ్యాలని రూలుంది గానీ, అది శబ్దానికి. మీరు శబ్దం కాదు, దాని తోక. రూల్లో తోకల సంగతి రాయలేదు కాబోలు.

మన పరిచయం నలభై ఏళ్ల పైమాటే. అప్పుడు నేను మైకుసెట్టు షాపులో హారన్లు మోసే కుర్రాణ్ణి. నాన్న పద్యనాటకాలకి హార్మోనిస్టు. ఆయన పెట్టె పక్కన శ్రుతి పట్టుకోవడం, షాపులో సోల్డరింగు పట్టుకోవడం ఒకేసారి నేర్చుకున్నాను. తర్వాత ఆర్కెస్ట్రాలో కీబోర్డు, ఆ తర్వాత మిక్సరు. మీరు మా షాపులో కాలు పెట్టినప్పుడు టేపు అవతారంలో ఉండేవారు. ఒక హెడ్డు పాటని టేపు మీద రాసేది, పక్కనున్న ఇంకో హెడ్డు దాన్ని చదివేది. ఈ హెడ్డు నుంచి ఆ హెడ్డుకి టేపు చేరడానికి పట్టే కాలమే మీ ప్రతాపమంతా.

చీపురుపల్లి దగ్గర ఒక ఊళ్లో ప్రోగ్రాం మధ్యలో ఆ టేపు తెగింది. అతికించడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ సింగరు స్టేజీ మీద మంచినీళ్లు తాగుతూ కూర్చున్నాడు. ఈలోపు ఒక పాట పాడెయ్యొచ్చు కదా అన్నాను. "ఏటి బావూ, ఒట్టి గొంతుతో పాడమంటావేటి?" అన్నాడు, చొక్కా లేకుండా ఊరేగమన్నట్టు. సింగరు మీరనీ, ఆయన మీకు సహాయకుడనీ నాకు అప్పుడే తెలిసింది.

మీరు రాకముందు ఈ ఊళ్లో సంగీతం లేదా అంటే, ఉండేది. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాలు. ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ నేర్పారు. ఘంటసాల మధూకరం ఎత్తుకుని తిని చదువుకున్నది ఈ వీధుల్లోనే. పాపం, ఒక్క నాబు తిప్పితే వచ్చేదాని కోసం వాళ్లంతా ఏళ్లకేళ్లు సాధన చేశారు.

మీ సేవలు పాటతో ఆగలేదు. ఒక పెళ్లిలో పురోహితుల వారి మైకుక్కూడా మీరు ఉండాల్సిందేనని పెళ్లికూతురి మేనమామ పట్టుబట్టాడు. పెట్టాను. ఆయన "మాంగల్యం తంతునానేన" అన్నారు. మీరు "నేనా... నేనా... నేనా" అన్నారు. తాళి పట్టుకున్న పెళ్లికొడుకు ఆగి, అందరి మొహాలూ చూశాడు. ఎన్నికల సభల్లో అయితే మీకు తిరుగులేదు. "ఇళ్లు కట్టిస్తాం" అంటే "స్తాం... స్తాం... స్తాం" అని మీరు ఇంకో మూడు కట్టించేవారు, ఇసుక, సిమెంటు ఖర్చు లేకుండా. సంతాపసభలో "ఆయన ఇక మన మధ్య లేరు" అన్నప్పుడు మాత్రం కాస్త ఆగాల్సింది. మూడో "లేరు" దగ్గర వెనక వరసలో ముసలమ్మ "ఇన్నాం బాబూ, ఎన్నిసార్లు సెప్తారు" అని లేచిపోయింది.

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఇప్పటి కల్యాణమండపాలు చూశారు కదా, కింద గ్రానైటు, చుట్టూ గాజు తలుపులు, పైన ఫాల్ సీలింగు. శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతుంది. ఎదురుగా 17 మీటర్ల దూరంలో గట్టి గోడ ఉంటే పోయి రావడానికి సెకనులో పదోవంతు, చెవికి రెండో గొంతు విడిగా వినిపిస్తుంది. అంటే నేను వైర్లు పరవకముందే మీరక్కడ ఉచితంగా వేంచేసి ఉన్నారు. అయినా స్టేజీ ఎక్కినవాడల్లా "ఈకో పెంచండి" అంటాడు. పాయసంలో బెల్లంపాకం పోసి, తీపి చాల్లేదంటే నేనేం చెయ్యను?

రాగాలకి మీరు చేసిన సేవ ఇంకా గొప్పది. మోహనలో ఉన్నవి ఐదే స్వరాలు, పాతది కొత్తదాని మీద పడినా సర్దుకుపోతాయి. తోడి ఎత్తుకుంటే మాత్రం షడ్జం తోక వచ్చి, దాన్ని ఆనుకునే ఉన్న శుద్ధరిషభం మీద పడి, రెండూ జుట్టూజుట్టూ పట్టుకుంటాయి. తప్పెటగుళ్లకి కూడా మిమ్మల్ని పెట్టమన్నారొకసారి, శ్రీకాకుళంలో. గుండెల మీద తప్పెట, కాళ్లకి గజ్జెలు, పదిహేనుమంది ఒక్కసారి ఎగిరి ఒక్కసారి దిగుతారు. ఆ ఒక్కసారి దిగడంలోనే ఉంది వాళ్ల విద్యంతా. మీ పుణ్యమా అని ముప్పైమంది దిగినట్టు, అందులో సగంమంది తాగి దిగినట్టు వినిపించింది. దళం పెద్దాయన ఆట ఆపి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

అప్పటి నుంచే మీకు ద్రోహం మొదలుపెట్టాను. ఇన్నాళ్లూ దాచాను, చెప్పేస్తున్నాను. నా మిక్సరులో చివరి ఛానల్ నాబుకి లోపల ఏ వైరూ లేదు. సింగరు "ఈకో, గురూగారూ" అని వేలు పైకి చూపించగానే, కళ్లద్దాలు సవరించుకుని, ఊపిరి బిగబట్టి ఆ నాబు తిప్పుతాను. "ఆఁ... ఇప్పుడు సెట్టయింది" అంటాడు. పాట కూడా నిజంగానే బాగుంటుంది. ఆ గొంతు వాడిదేనని మాత్రం ఎవడికీ చెప్పలేదు. నమ్మరు, పైగా పేమెంటు ఆపుతారు.

నాకూ మీకూ అసలు తగువు వేరే ఉంది. 1991లో నాన్న ఇంట్లో హార్మోనియం ముందు కూర్చుని ఒక పద్యం పాడితే క్యాసెట్‌లో పట్టాను. కొత్తగా డిజిటల్ ఈకో కొన్న మురిపెం, మిమ్మల్ని దోసిళ్లతో పోశాను. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు, ఆ ఒక్క క్యాసెట్టే. మొన్న దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాను. హిస్సు తగ్గించాను. కరెంటు హమ్ము 50 హెర్ట్జ్ దగ్గర కోసేశాను. మీ దగ్గరికొచ్చేసరికి చేతులాడలేదు. మిమ్మల్ని కొయ్యాలంటే సాఫ్ట్‌వేర్‌కి ఆనవాలు కావాలి కదా, ఆ తోకా ఆయన గొంతేనాయె. పట్టుకుని కోస్తే ఆయనే తెగుతున్నారు.

పద్యం చివర రాగం ఆపి నాన్న ఏదో అన్నారు. నన్ను పిలిచినట్టుంది, ఒకటో రెండో అక్షరాలు. మీ మూడో "ఆ..." కింద పడిపోయింది. హెడ్‌ఫోన్స్‌లో కుడిచెవితో వందసార్లు విన్నాను. ఆ రెండక్షరాల మీంచి కాస్త పక్కకి జరగగలరా?

గురువారం నెల్లిమర్లలో పెళ్లి. అడ్వాన్సు తీసుకున్నాను, సింగరు మీ పేరు ముందే చెప్పాడు. చివరి ఛానల్లో మీ కుర్చీ వేసి ఉంచుతాను.

ఇట్లు,
మీ నాబు తిప్పి తిప్పి వేలిముద్రలు అరగదీసుకున్న
ఒక సౌండు మేస్త్రి