మూడో దాసుడి తరఫున ఒక వకాల్తా

యేసు చెప్పిన తలాంతుల ఉపమానంలో ఒక యజమాని ప్రయాణమవుతూ తన సొమ్మును ముగ్గురు దాసులకు ఐదు, రెండు, ఒకటి చొప్పున తలాంతులుగా అప్పగిస్తాడు. మొదటి ఇద్దరూ వ్యాపారం చేసి రెట్టింపు చేస్తారు, ఒక్కటే అందుకున్న మూడోవాడు దాన్ని దాచిపెడతాడు. ఆ మూడో దాసుడికి ఘోరమైన అన్యాయం జరిగింది. దాదాపు రెండు వేల ఏళ్ళుగా ప్రసంగం తర్వాత ప్రసంగంలో అతన్ని సోమరి, చెడ్డ దాసుడు అని తిడుతూనే ఉన్నారు గానీ అతని తరఫున ఒక్కరూ నోరు తెరవలేదు కాబట్టి ఆ పని నేనే చేస్తున్నాను. అసలు అతను చేసిన తప్పేంటండీ? తాగలేదు, తిరగలేదు, లెక్కలో తేడా రానివ్వలేదు. ఒక తలాంతు అంటే సుమారు 6,000 దేనారాలు, రోజుకూలి చేసుకునేవాడికి దాదాపు 20 ఏళ్ళ సంపాదన. అంత సొమ్ము చేతిలో పెట్టి యజమాని దూరదేశం వెళ్ళిపోతే టెన్షన్ ఉండదా? గొయ్యి తవ్వి దాచాడు, ఆయన తిరిగి రాగానే మట్టి దులిపి ఉన్నది ఉన్నట్టు అప్పగించాడు. ఇంత జాగ్రత్తపరుడు ఇప్పుడు దొరికితే సంఘానికి కోశాధికారిని చేస్తాం. చాలా చోట్ల చేశాం కూడా.

యజమాని ఏమన్నాడు? కనీసం వడ్డీకైనా ఇవ్వాల్సింది కదా అన్నాడు. అంటే ఫిక్స్‌డ్ డిపాజిట్ ఆయన దృష్టిలో పాస్ మార్కు మాత్రమే. మనమేమో దాన్నే విశ్వాసవీరుల స్థాయి అనుకుంటున్నాం.

ఈ కథలో నాకు ఇంకో ఇబ్బంది ఉంది. ఐదు తలాంతులు పదయ్యాయి, రెండు నాలుగయ్యాయి, బాగానే ఉంది. మరి వ్యాపారం చేసి మొత్తం పోగొట్టుకుని ఖాళీ చేతులతో వచ్చి నిలబడ్డ నాలుగో దాసుడేడీ? అతనొక్కడు ఉండి ఉంటే యజమాని ఏం చేసేవాడో చూసుకుని, దాన్నిబట్టి మనమూ ఒక నిర్ణయం తీసుకునేవాళ్ళం. అతను లేడు. మూడో దాసుడు చెప్పుకున్న కారణం మాత్రం ఉంది: నువ్వు కఠినుడివని నాకు తెలుసు, అందుకే భయపడ్డాను అన్నాడు. అంటే అతని భయం బజారును చూసి కాదు, యజమానిని చూసి. ఈ ముక్క దగ్గర నా వకాల్తా కాస్త బలహీనపడుతోంది కాబట్టి తొందరగా ముందుకు పోదాం.

మా జాగ్రత్తపరుల వర్గానికి బైబిల్లో బాగా నచ్చే మనిషి గిద్యోను, దేవుడు యుద్ధానికి పిలిస్తే ముందు రుజువు అడిగినవాడు. గొర్రెబొచ్చు పరిచి, ఒక రాత్రి బొచ్చు తడవాలి నేల పొడిగా ఉండాలి, మర్నాటి రాత్రి నేల తడవాలి బొచ్చు పొడిగా ఉండాలి అని దేవుణ్ణే పరీక్షించాడు. అక్కడిదాకా మేమూ నమ్మకంగా ఆయన వెనకే ఉన్నాం, ఆ బొచ్చు ఇంకా మడత పెట్టలేదు. ఆ తర్వాతి అధ్యాయమే కొంచెం కష్టం. యుద్ధానికి 32,000 మంది వస్తే, భయపడేవాళ్ళు ఇంటికి వెళ్ళొచ్చని ప్రకటించారు. 22,000 మంది వెళ్ళిపోయారు. చూశారా, భయానికి సాక్షాత్తూ దేవుడే మంజూరు చేసిన సెలవు! ఇంకో వడపోత కూడా అయ్యాక చివరికి మిగిలింది 300 మంది. మా ఆత్మీయ వంశవృక్షం ఆ 22,000 మంది దగ్గరే మొదలవుతుందని నా గట్టి నమ్మకం. వాళ్ళు ఊరికే కూర్చోలేదు లెండి, ఇళ్ళకు చేరగానే ఆ 300 మంది కోసం ప్రత్యేక ప్రార్థన పెట్టుకునే ఉంటారు.

"ప్రార్థనలో పెట్టాం" అన్న మాట ఎంత గొప్పదో బయటివాళ్ళకు తెలియదు. కళ్ళ ముందే ఆఫీసులో దొంగ లెక్కలు రాస్తుంటే ప్రార్థనలో పెట్టాం, జైలు నుంచి వచ్చినవాడు ఆదివారం మన పక్కన కూర్చుంటే వచ్చే వారం ఎక్కడ కూర్చోవాలో ప్రార్థనలో పెట్టాం, ఇరవై ఏళ్ళుగా మాట్లాడని తమ్ముడికి ఫోన్ చేయాలా వద్దా అన్నది తమ్ముడు పోయేదాకా ప్రార్థనలో పెట్టాం. విచిత్రం ఏంటంటే, జీతం పెరిగే ఉద్యోగం విషయంలో ప్రభువు సాయంత్రంలోపే మాట్లాడేస్తాడు. జీతం తగ్గే పిలుపు దగ్గరే ఏళ్ళ తరబడి నడిపింపు రాదు.

నిజమే, తెగింపు పేరుతో జరిగేదంతా విశ్వాసం కాదు. దేవాలయ శిఖరం మీంచి దూకమని సాతాను వాక్యం ఎత్తి మరీ చెప్పాడు, యేసు దూకలేదు. విశ్వాసం ఉందని మందులు మానేసేవాళ్ళూ, నూరంతలు వస్తుందని అప్పు చేసి కానుక వేసేవాళ్ళూ ఆ భాగం రెండుసార్లు చదువుకోవచ్చు. కానీ శిఖరం మీంచి దూకొద్దన్న మాటను మనం మెట్లు కూడా దిగకుండా ఉండడానికి వాడుకుంటున్నాం, అదీ మన ప్రతిభ.

మా పద్ధతి తెలియక నష్టపోయినవాళ్ళు ఉన్నారు. డీట్రిచ్ బాన్‌హోఫర్ అనే జర్మన్ పాస్టర్ గారు 1939 జూన్‌లో న్యూయార్క్ చేరుకున్నారు. హిట్లర్‌కు దూరంగా ఉండమని స్నేహితులే ఏర్పాటు చేశారు. అమెరికా వెళ్ళే దారి తెరుచుకున్నాక దేవుని చిత్తం గురించి ఇంకా సందేహమేంటి, మనమైతే సాక్ష్యం చెప్పి కేకు కోసేవాళ్ళం. ఆయనేమో, ఈ కష్టకాలంలో నా జనంతో లేకపోతే రేపు యుద్ధం అయ్యాక వాళ్ళతో కలిసి నిలబడే హక్కు నాకుండదు అనుకుని నెల తిరక్కుండానే వెనక్కి ఓడెక్కారు. 1943లో అరెస్టు చేశారు, 1945 ఏప్రిల్ 9న ఉరి తీశారు. కనీసం ఒక గొర్రెబొచ్చయినా పరిచి చూడాల్సింది.

బైబిల్లో పారసీక రాజుకు రాణి అయిన యూదురాలు ఎస్తేరు విషయంలో మాత్రం మాకు కొంచెం ఆశ కలిగింది, ఎందుకంటే ఆవిడ ముందు ఉపవాసం ప్రకటించింది. మూడు రోజులు, అన్నం లేదు నీళ్ళు లేవు, అచ్చం మన పద్ధతే. తీరా చూస్తే మూడో రోజున రాణి వస్త్రాలు కట్టుకుని, పిలవకుండా వెళ్తే చంపేస్తారని తెలిసీ తన జనాన్ని కాపాడుకోవడానికి రాజు ముందుకు వెళ్ళి నిలబడింది. ఇంత తొందరేంటి? మేమైతే ఉపవాసాన్ని ఏడు రోజులకు, అక్కడి నుంచి ఇరవై ఒకటికి, తర్వాత నలభైకి పొడిగించేవాళ్ళం, గొలుసు ప్రార్థనకు పేర్లు రాసుకునేవాళ్ళం. యూదులను చంపమని రాజముద్ర వేసి పంపిన తాకీదులో మాత్రం తేదీ ముందే రాసి ఉంది, పన్నెండో నెల పదమూడో రోజని.