వేలంపాట సైటు గారూ, ఆ ఆశీలు రేటేదో బోర్డు పెట్టండి

ఆన్‌లైన్ వేలంపాట సైటు గారి చెల్లింపుల విభాగానికి,

కర్నూలు పాతబస్తీ నుంచి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు మా కోసం అంత తాపత్రయపడుతుంటే క్షేమంగా ఉండక ఏమవుతాం? నగదు బటన్ తీసేసి ‘మీ భద్రత కోసం’ అన్నారు. యూపీఐలో నేరుగా పంపుకోవద్దని చెప్పి ‘మీ భద్రత కోసం’ అన్నారు. ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోవద్దంటూ మళ్లీ అదే మాట. చివరికి ఒకే ఒక్క దారి మిగిలింది. దాని మొగదల మీరే కుర్చీ వేసుకొని కూర్చున్నారు. మా భద్రతకూ మీ కుర్చీకీ ఏదో చుట్టరికం ఉన్నట్టుంది. అదేందో తేల్చుకుందామనే ఈ ఉత్తరం.

నేను గడియారాలు రిపేరు చేసేవాణ్ణి. కొండారెడ్డి బురుజు నుంచి నడిచి వచ్చేంత దూరంలో అంగడి. చేతికి గడియారం కట్టేవాళ్లే తగ్గిపోయాక, పాత హెచ్‌ఎంటీలు కొని, బాగుచేసి మీ పాటలో పెట్టడం మొదలుపెట్టాను. 1961లో బెంగళూరులో జపాన్ సిటిజన్ వాళ్ల సాయంతో ఆ ఫ్యాక్టరీ పెట్టారు. 2016లో కేంద్ర ప్రభుత్వం ఆ గడియారాల కంపెనీని మూసేస్తున్నామని చెప్పింది. నడిచినన్నాళ్లూ మూలన పడేసినవాళ్లే ఇప్పుడు జనతా ఉందా, పైలట్ ఉందా, కోహినూర్ ఉందా అని ఎగబడుతున్నారు. పెళ్లిలో అల్లుడికి పెట్టిన జనతా గడియారం, ఆ అల్లుడు పోయాక మనవడి జేబులో నా అంగడికి వస్తుంది. విప్పి, నూనె వేసి, కీ ఇస్తే మళ్లీ నడుస్తుంది. అట్లాంటి సరుకు నాది.

మొన్నామధ్య నల్ల డయల్ పైలట్ ఒకటి పాటలో పెట్టాను. ఆదోని ఆయన పాడుకున్నాడు. ఆదోని మాకు పరాయి ఊరా? పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి కర్నూల్లో ఉంటాడు. ఆయన మెసేజ్ పెట్టాడు: ‘అన్నా, నేనే వస్తా. చెవి దగ్గర పెట్టుకొని చప్పుడు వింటా, నచ్చితే డబ్బులు చేతికిస్తా. నంబరు పంపండి.’ ఇంతకంటే మర్యాదైన బేరం ఉంటుందా? నేను నంబరు పంపాను. మీరు దాన్ని చుక్కలు చేశారు. అంకెలొద్దేమోనని తెలుగు అక్షరాల్లో ‘తొంభై నాలుగు’ అని మొదలుపెట్టి రాశాను. దాన్నీ చుక్కలు చేశారు. సైటు తెలుగులో పెట్టమని ఎన్నోసార్లు అడిగితే, ఆ భాష మాకింకా రాలేదన్నారు. నంబరు దాచాల్సి వచ్చేసరికి ఎక్కాలతో సహా వచ్చేసిందే!

‘బళ్ళారి చౌరస్తాలో దిగి పాత గడియారాల అంగడి అని అడగండి’ అని రాస్తే హెచ్చరిక వచ్చింది. సైటు బయట లావాదేవీకి ప్రయత్నించారు, మళ్లీ చేస్తే ఖాతా నిలిపివేయబడును అని. ఆదోని ఆయన భయపడి మీరు చెప్పినట్టే కట్టాడు. గడియారం కొరియర్‌లో ఆదోని చేరింది. ఆయన కీ ఇచ్చుకొని చేతికి పెట్టుకున్నాడు, బాగుందని ఐదు చుక్కల రేటింగు కూడా ఇచ్చాడు. డబ్బు మాత్రం మీ దగ్గరే ‘ప్రాసెస్‌లో’ ఉండిపోయింది. వచ్చినప్పుడు చూద్దును కదా, పాటలో సరుకు అమ్ముడైనందుకు కమీషన్, ఆ కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ, చెల్లింపు నిర్వహణ రుసుము, ఆ రుసుము మీద ఇంకో 18 శాతం. నా డబ్బును నిర్వహించమని మిమ్మల్ని అడిగినదెవరు? చేతికిస్తానని ఆయనన్నాడు, పుచ్చుకుంటానని నేనన్నాను. మధ్యలో నిర్వహణ ఎక్కడుంది?

ఇంకో సంగతి. మీ సైటులో హెచ్‌ఎంటీ అని వెతికితే ఎర్ర డయల్, పచ్చ డయల్, నెమలి రంగు డయల్ బోలెడన్ని కనిపిస్తాయి. అందులో చాలావాటిని ఫ్యాక్టరీ కలలో కూడా తయారుచేయలేదు. పాత డయల్ గీకి, రంగు కొట్టి, మీద అక్షరాలు అచ్చేసి ‘అరుదైనది’ అని అమ్ముతున్నారు. నేను భూతద్దం పెట్టి చూస్తే ఆరో అంకె పక్కన అచ్చు చెదిరిన సంగతి ఇట్టే తెలిసిపోతుంది. ఫొటో పెట్టి మీకు ఫిర్యాదు కూడా రాశాను. మా విధానాలకు విరుద్ధంగా ఏమీ కనబడలేదు అన్నారు. కొనేవాడికి నకిలీ డయల్ అంటగడితే భద్రతకు వచ్చిన నష్టం లేదు. అసలు డయల్‌కు చేతికి డబ్బులిస్తే మాత్రం కొంప మునుగుతుంది.

అట్లని మోసాలు లేవని నేననను. మా వీధిలోనే ఒకాయన పాత సోఫా అమ్మకానికి పెడితే, ‘ఆర్మీలో పనిచేస్తున్నా, బదిలీ అయింది, సోఫా నాకే కావాలి’ అని ఫోనొచ్చింది. డబ్బు పంపుతున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అన్నాడు. డబ్బు రావడానికి పిన్ ఎందుకురా అని ఆలోచించేలోపు ఖాతా ఊడ్చుకుపోయింది. తెలియని ఊరివాడికి ముందే డబ్బు కట్టి ఇటుక ముక్క పార్సిల్ అందుకున్నవాళ్లూ ఉన్నారు. అట్లాంటిచోట మధ్యలో ఒకరు డబ్బు పట్టుకొని, సరుకు చేరాక ఇప్పించడం మంచి పనే. ఆ పనికి కూలి తీసుకోండి, ఎవరు కాదంటారు? చెయ్యని పనికి కూడా కూలి అడుగుతున్నారు చూడండి, పేచీ అక్కడే.

అసలు మీ వంశంలో పెద్దాయన ఈబే కథ మీకు గుర్తుందో లేదో. 1995లో కాలిఫోర్నియాలో పియర్ ఒమిడ్యార్ అనే ఆయన దాన్ని పెట్టాడు. అప్పట్లో ఆక్షన్‌వెబ్ అనేవారు. మొదట అమ్ముడుపోయిందని చెప్పుకునే వస్తువు పాడైపోయిన లేజర్ పాయింటర్, 14 డాలర్ల 83 సెంట్లకు. ఎవరు ఎవరికి ఎట్లా కట్టుకుంటారన్నది ఆయన పట్టించుకోలేదు. చెక్కు పంపేవాళ్లు చెక్కు, మనీఆర్డర్ పంపేవాళ్లు మనీఆర్డర్. సైటుకు రావాల్సిన కమీషన్ కూడా పోస్టులోనే వచ్చేది. కొందరు చిల్లర నాణేలను అట్టముక్కకు అంటించి కవర్లో పెట్టి పంపేవారట. అట్లా చిల్లర ఏరుకొని పెద్దదైన కంపెనీయే, 2008 అక్టోబరు వచ్చేసరికి అమెరికాలో చెక్కులు, మనీఆర్డర్లు వద్దు పొమ్మంది. కారణం అడగాలా? భద్రత.

మధ్యలో ఏం జరిగిందో కూడా చెబుతా, వినండి. 1999లో బిల్‌పాయింట్ అనే చెల్లింపుల కంపెనీని ఈబే కొనుక్కుంది. జనం దాని మొహం చూడకుండా పేపాల్ అనే ఇంకో చెల్లింపుల కంపెనీ వెంట పడ్డారు. ఇక లాభం లేదని 2002లో 150 కోట్ల డాలర్లకు పేపాల్‌నే కొనేసింది. అక్కడి నుంచి భద్రత మీద ప్రేమ పొంగింది. 2006లో గూగుల్ వాళ్ల చెల్లింపు పద్ధతి గూగుల్ చెకౌట్ వస్తే, దాన్ని వచ్చీ రాగానే అనుమతి లేని పద్ధతుల్లో కలిపింది. 2008లో ఆస్ట్రేలియా వాళ్లకు ఇకమీదట పేపాలే గతి అని చెప్పింది. అక్కడి పోటీ వ్యవహారాల కమిషన్ ఇదేం పద్ధతి అని అడ్డం తిరిగితే జూలైలో తోక ముడిచింది. ఆ ప్లానులో కూడా స్వయంగా వచ్చి సరుకు పట్టుకెళ్లేవాడు నగదు ఇవ్వొచ్చని వదిలారండీ! మీరు మా ఆదోని ఆయనకు ఆ పాటి కూడా వదల్లేదు.

తర్వాత 2015లో పేపాల్ వేరు కాపురం పెట్టింది. వేరుపడ్డాక ప్రేమ ఎన్నాళ్లుంటుంది? 2018లో ఆడియన్ అనే నెదర్లాండ్స్ కంపెనీతో ఒప్పందం చేసుకొని, డబ్బంతా తన చేతుల మీదుగానే పోయేట్టు ఈబే ఏర్పాటు చేసుకుంది. అప్పటిదాకా అంతకు మించిన భద్రత లేదన్న పేపాల్, పక్కన ఇంకో బటన్ అయిపోయింది. భద్రత ఎప్పుడూ డబ్బు ఎవరి ఖాతాలో ఆగితే ఆ ఇంట్లోనే కాపురం ఉంటుంది కాబోలు.

మన దేశంలోనూ ఆ ముచ్చట తీరింది. 2004లో బాజీ డాట్ కామ్‌ను కొని ఈబే ఇండియా అన్నారు. పైసాపే అని పెట్టారు. కొనేవాడి డబ్బు పట్టుకొని, సరుకు అందాక అమ్మినవాడికి ఇచ్చేది. 2017లో ఫ్లిప్‌కార్ట్ చేతికి పోయి, 2018 ఆగస్టులో దుకాణం కట్టేశారు. పేపాల్ కూడా 2021 ఏప్రిల్ నుంచి దేశం లోపలి చెల్లింపులు మానేసింది.

ఈలోగా 2016లో యూపీఐ వచ్చింది. మా అంగడి ఎదురుగా ఉగ్గాని బజ్జీ బండి ఉంది. బండి నడిపే ఆమె చదువుకోలేదు. తడి చేతులు తుడుచుకుంటూ క్యూఆర్ అట్ట మనవైపు తిప్పుతుంది, పెట్టె అరుస్తుంది, అయిపోయింది. ఇచ్చినవాడికి ఖర్చు లేదు, పుచ్చుకున్న ఆమెకూ ఖర్చు లేదు. 2020 జనవరి నుంచి యూపీఐ మీద వ్యాపారి దగ్గర ఎండీఆర్ అనే లావాదేవీ రుసుము తీసుకోకూడదని ప్రభుత్వమే చెప్పింది. మీకు అక్కడే కడుపు మండిందని నా అనుమానం. కోయడానికి ఏమీ లేని దారి భద్రమైన దారి ఎట్లా అవుతుంది లెండి.

మీరు వేలంపాటను మొదటిసారి కనిపెట్టినట్టు మాట్లాడతారు గానీ, మాకు పాటలు కొత్త కాదు. వినాయక చవితికి లడ్డూ పాట పెడతారు. పాడుకున్నవాడు డబ్బు అప్పటికప్పుడు కట్టక్కర్లేదు, చాలా పందిళ్లలో వచ్చే చవితికి కడితే చాలు. ఏడాది పాటు హోల్డు! మధ్యలో ఎవడూ నిర్వహణ రుసుము అడగడు. ఎగ్గొడితే వీధిలో తలెత్తుకు తిరగలేడు, అదే వాడికి పూచీకత్తు.

జొన్నగిరి, తుగ్గలి వైపు పోతే ఇంకో రకం పాట. తొలకరి పడిందంటే జనం పొలాల్లో వంగి వజ్రాలు వెతుకుతారు. దొరికిందంటే చాలు, వ్యాపారులు వాలిపోతారు. గుట్టుగా పాట నడుస్తుంది. ఇన్ని లక్షల నగదు, ఇన్ని తులాల బంగారం అని పేపర్లో చదువుతుంటాం. నగదూ బంగారం కలిపి ఒకే బిల్లు! ఆ పద్ధతి గొప్పదని నేననడం లేదు. వ్యాపారులంతా కుమ్మక్కై కూలోడికి దక్కాల్సిన ధర తొక్కేస్తారని ఊరంతా అనుకునేదే. అక్కడ మోసం ధరలో ఉంటుంది, కట్టడంలో ఉండదు. మీ దగ్గర ధర నిక్కచ్చిగా వస్తుంది, కట్టేటప్పుడు కోత పడుతుంది. ఎవరి విద్య వారిది.

మీకు సరిగ్గా జోడీ ఎవరో చెప్పనా? సంతలో ఆశీలు వసూలు చేసేవాడు. వాడు కూడా మీలాగే దారి మొగదల నిలబడతాడు. గంపకింత, మేకకింత, బండికింత అని చీటీ చింపి చేతిలో పెడతాడు. పంచాయతీ పాటలో ఆశీలు పాడుకున్నాడు, కట్టిన డబ్బు రాబట్టుకోవాలి, అంతే. ఎక్కువ అడిగితే ఆడవాళ్లే గంప దించి వాడి దుమ్ము దులుపుతారు, రేటు బోర్డు ఏదిరా అని నిలదీస్తారు. కానీ ఎంత ఆశబోతు ఆశీలు వాడైనా, ‘అమ్మా, నీ వంకాయల భద్రత కోసమే ఈ పది రూపాయలు’ అని ఇంతవరకు అనలేదు. కొన్నామె దగ్గర డబ్బు తన జేబులో వేసుకొని, వంకాయలు వండి తిన్నాక అమ్మినామెకు ఇస్తాననీ అనలేదు.

కాబట్టి నా మనవి పెద్దదేం కాదు. దూరం ఊరి బేరాలకు డబ్బు మీరే పట్టుకోండి, కూలి తీసుకోండి. ఒకే జిల్లాలో ఉన్నవాళ్లు, వచ్చి చూసి కొనుక్కునేవాళ్లు చేతికిచ్చినా, యూపీఐ కొట్టినా మీరు అడ్డం రావొద్దు. పాట నడిపినందుకు మీ కమీషన్ మీకిస్తాం, చీటీ చింపండి. ఎంత కోస్తారో మాత్రం సరుకు పెట్టకముందే పెద్దక్షరాల్లో తెలుగులో రాయండి. మీకు తెలుగు వచ్చని తేలిపోయింది కదా, ఇంక దాచి లాభం లేదు.

ఈ వారం కోహినూర్ ఒకటి పాటలో పెట్టాను. ఎమ్మిగనూరు ఆయన, నంద్యాల ఆయన పోటీ పడుతున్నారు. ఎవరు గెలిచినా రావడానికి సిద్ధంగా ఉన్నారు. ఎక్కడికి రావాలో మీరే చెప్పండి.

ఇట్లు,
పాత గడియారాల అంగడి,
పాతబస్తీ, కర్నూలు.

తా.క.: ఈ ఉత్తరాన్ని ముందు మీ సైటులోనే మెసేజ్‌గా పంపబోయాను. 1961, 2002, 2008 వరుసగా కనబడేసరికి ఫోన్ నంబరనుకొని అన్నిటికీ చుక్కలు పెట్టారు. అందుకని బయట రాయాల్సి వచ్చింది. దీన్ని కూడా సైటు బయట లావాదేవీ కింద లెక్కేస్తే, రుసుము ఎంతో చెప్పండి.